బ్రెస్ట్ ఇమేజింగ్ ఫెలోషిప్: బెంగళూరా చెన్నైనా, క్యాన్సర్ సెంటరా కార్పొరేటా?

రేడియాలజీ పీజీ ఐపోయాక ఫెలోషిప్ (పీజీ తర్వాత ప్రత్యేక ట్రైనింగ్) చేసి బ్రెస్ట్ ఇమేజింగ్ లోకి, అంటే రొమ్ము స్కాన్లు చదివి బయాప్సీలు చేసే పనిలోకి వెళ్దామనుకునే మన తెలుగు డాక్టర్లు ఈ మధ్య బాగా పెరిగారు, చాలా సంతోషం. అనంతపురం, కర్నూలు వైపు వాళ్ళకి బెంగళూరు, చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్ళకి చెన్నై దగ్గర కాబట్టి ముందు ఈ రెండు ఊళ్ళే గుర్తొస్తాయి. నేను బెంగళూరులో ఇదే పనిలో ఉన్నా, జూనియర్లు ఫోన్ చేసి అందరూ ఒకటే అడుగుతారు, "మేడమ్, ఏ హాస్పిటల్ కి పేరెక్కువ?" అని. నేను తిరిగి అడిగేది ఇంకోటి. ఫెలోషిప్ ఐపోయిన మర్నాడు మీరు ఎక్కడ కూర్చుని రిపోర్ట్ చెయ్యబోతున్నారు? సొంతూర్లో ఒక్క మామో మెషిన్ (రొమ్ము ఎక్స్‌రే మెషిన్) పెట్టుకుని ఒక్కరే కూర్చుంటారా, సిటీలో పెద్ద హాస్పిటల్ లో బ్రెస్ట్ టీమ్ లో చేరతారా, యూకేకో ఇంకెక్కడికో పోతారా? దీనికి జవాబు చెప్తే ఎక్కడ చేరాలో సగం తేలిపోతుంది, చెప్పకపోతే ఎంత పెద్ద పేరున్న చోట చేరినా కావాల్సింది నేర్చుకోకుండానే బయటికొస్తారు.

ముందు ఒక విషయం అర్థం చేస్కోవాలి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. మన దేశంలో మామోగ్రఫీతో నేషనల్ స్క్రీనింగ్ ప్రోగ్రామ్ లేదు. ప్రభుత్వ ప్రోగ్రామ్ లో 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి హెల్త్ వర్కర్ చేత్తో పరీక్ష చేస్తారు, అంతే. యూకేలో 50 నుంచి 71 ఏళ్ళ లోపు వాళ్ళని మూడేళ్ళకోసారి లెటర్ పంపి పిలుస్తారు, ప్రతి ఫిల్మ్ ఇద్దరు చదువుతారు. మన దగ్గర మామో గదికి వచ్చే పేషెంట్లలో ఎక్కువమంది గడ్డ తగిలి వచ్చినవాళ్ళే, అది కూడా చాలామంది నెలలు ఆగి వచ్చినవాళ్ళు. గ్లోబోకాన్ (ప్రపంచ క్యాన్సర్ గణాంకాలు) 2022 లెక్కలో మన దేశంలో ఆ ఒక్క ఏడాది దాదాపు 1.92 లక్షల కొత్త బ్రెస్ట్ క్యాన్సర్ కేసులు, 98 వేలకి పైగా మరణాలు. వచ్చిన కేసుల్లో సగానికి కాస్త పైగానే మరణాలుండటం చూస్తేనే ఎంత లేటుగా వస్తున్నారో తెలుస్తుంది. అందుకే ఒకే ఊళ్ళో రెండు హాస్పిటల్స్ లో రెండు పూర్తిగా వేరే రకం ట్రైనింగ్ లు దొరుకుతాయి, పైకి సర్టిఫికెట్ మీద మాత్రం రెండిట్లోనూ బ్రెస్ట్ ఇమేజింగ్ అనే ఉంటుంది.

మొదటి రకం పెద్ద క్యాన్సర్ సెంటర్లు. బెంగళూరులో ప్రభుత్వ క్యాన్సర్ హాస్పిటల్ కిద్వాయ్, చెన్నైలో 1954 లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు మొదలుపెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఎలాంటివో మీకు తెలుసు, ఆ రెండు ఊళ్ళ క్యాన్సర్ రిజిస్ట్రీలు (కేసుల లెక్క రాసే వ్యవస్థలు) నడిచేది కూడా వాటి నుంచే. ఫలానా చోట ఈ ఏడాది ఫెలో సీటు ఉందా లేదా అన్నది వాళ్ళ నోటిఫికేషన్ లోనే చూస్కోండి, నేను చెప్పేది అలాంటి సెంటర్ లో ఉండే కేసుల గురించి. ఓపీ అంటే సముద్రం, హిందూపురం నుంచి, మదనపల్లె నుంచి, తిరుపతి నుంచి పొద్దున్నే బస్సు దిగి ఫైల్ పట్టుకుని లైన్లో కూర్చునే వాళ్ళుంటారు. పెద్ద ట్యూమర్లు, చర్మం లాగేసినవి, చంకలో నోడ్స్ (లింఫ్ గ్రంథులు) గట్టిపడినవి ఇలా రోజూ చూస్తారు కాబట్టి క్యాన్సర్ అన్నిరకాల ముఖాలూ మీకు కంఠతా వచ్చేస్తాయి. ట్రూకట్ బయాప్సీలు (సూది గన్ తో ముక్క తియ్యడం) చేసి చేసి చెయ్యి స్థిరపడుతుంది. కీమో ముందు ట్యూమర్ లో గుర్తుగా క్లిప్ పెట్టడం, కీమో మధ్యలో ఎంత తగ్గిందో కొలవడం, చంక నోడ్ కి సూది వెయ్యడం, ఇవన్నీ ఇక్కడ రోజువారీ పని. క్లిప్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన చిన్న ఊళ్ళల్లో ఇది ఇంకా చాలాచోట్ల చెయ్యట్లేదు. కీమోకి గడ్డ బాగా కరిగిపోతే అందరికీ ఆనందమే, కానీ సర్జన్ ఆపరేషన్ టేబుల్ దగ్గర నిలబడి గడ్డ ఎక్కడుండేది అని వెతుక్కోవాల్సొస్తుంది, ముందే క్లిప్ ఉంటే రొమ్మంతా తీసెయ్యకుండా ఆ చోటు వరకే తియ్యొచ్చు. ఆ చిన్న లోహపు ముక్క పెట్టడం నేర్చుకుని మీ ఊరికి తీస్కెళ్తే అక్కడి ఆడవాళ్ళకి నిజంగా మేలు చేసినట్టే.

ఇక్కడ తక్కువయ్యేది ఏంటంటే చిన్నవి. అంటే లక్షణం ఏమీ లేని మనిషిలో 6 మిల్లీమీటర్ల గడ్డ, బియ్యపు నూకంత కూడా లేని క్యాల్సిఫికేషన్స్ (సున్నపు చుక్కల) గుంపు, ఒక్క కోణంలో తీసిన ఫిల్మ్ లోనే కనిపించే డిస్టార్షన్ (కణజాలం వంకరపోవడం), ఇవి స్క్రీనింగ్ నుంచి వస్తాయి, స్క్రీనింగ్ లేని చోట అరుదుగా వస్తాయి. ఏడాదంతా పెద్దవే చూసిన కంటికి చిన్నది కనపడటం కష్టం, ఇది తెలివికి సంబంధించింది కాదు, కంటి అలవాటు.

రెండో రకం కార్పొరేట్ హాస్పిటల్స్, బ్రెస్ట్ కోసమే ఉన్న సెంటర్లు. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో 40 దాటిన ఆడవాళ్ళు ఏటా వస్తారు, పాత ఫిల్మ్స్ సిస్టమ్ లో ఉంటాయి, పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, ఈ పోల్చే అలవాటు చాలా విలువైంది. టోమో (రొమ్ముని పొరలు పొరలుగా చూపించే మామో) ఉంటుంది, కొన్నిచోట్ల కాంట్రాస్ట్ మామో (మందు ఎక్కించి తీసేది) ఉంటుంది, బ్రెస్ట్ కాయిల్ తో ఎమ్మారై ఉంటుంది, స్టీరియో బయాప్సీ (మామో చూస్తూ సూది వేసేది), వ్యాక్యూమ్ బయాప్సీ (పీల్చి ముక్కలు తీసేది) ఉంటాయి. కానీ ఇక్కడ ఇబ్బంది వేరే. పేషెంట్ డబ్బు కట్టి ఫలానా కన్సల్టెంట్ పేరు చూసి వస్తుంది, కాబట్టి సూది కన్సల్టెంట్ చేతిలోనే ఉంటుంది, మీరు పక్కన నిలబడి ట్రే అందిస్తారు. హాస్పిటల్ లో ఏడాదికి ఎన్ని స్టీరియోలు అవుతాయని అడిగి సంతోషపడి వచ్చేయకండి, వాటిలో ఫెలో సొంతంగా ఎన్ని చేశారని అడగండి. నాకు తెల్సిన ఒక పెద్ద సెంటర్ లో (పేరు వద్దు) ఫెలోల్ని సగం రోజు హోల్ అబ్డామెన్ (పొట్ట) స్కాన్లకి వాడుకున్నారు, సర్టిఫికెట్ మాత్రం బ్రెస్ట్ అని ఇచ్చారు. అక్కడ చేసి వచ్చిన అమ్మాయి చాలా తెలివైంది, ఏడాది తర్వాత స్టీరియో యూనిట్ దగ్గరకి వెళ్ళాలంటే భయపడుతోంది, నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

స్టీరియో మీద ఇంత పట్టు ఎందుకంటే, క్యాల్సిఫికేషన్ గుంపు చాలాసార్లు అల్ట్రాసౌండ్ లో కనపడదు. స్టీరియో రాకపోతే మీకు మిగిలేది ఆ చోటుకి గుర్తుగా వైర్ పెట్టి సర్జన్ కి అప్పజెప్పడమే, అంటే బినైన్ (క్యాన్సర్ కానిది) అయినా ఆవిడకి కోత తప్పదు. 14 గేజ్ ట్రూకట్ గన్ అందరికీ వస్తుంది, వ్యాక్యూమ్ సూది దానికంటే లావు, ఒక్క కన్నంలోంచి చాలా ముక్కలు తీస్తుంది, క్యాల్సిఫికేషన్స్ నిజంగా వచ్చాయా లేదా అని ఆ ముక్కలకి ఎక్స్‌రే తీసి చూస్కోవాలి. ఈ మొత్తం క్రమం మీ చేత్తో మీరు చేస్తేనే వస్తుంది, వీడియో చూస్తే రాదు. ఎమ్మారై గైడెడ్ బయాప్సీ మాత్రం మన దేశంలో కొద్దిచోట్లే అవుతుంది, అది లేదని మంచి సీటు వదులుకోవద్దు, ఎమ్మారైలో కనిపించినదాన్ని మళ్ళీ అల్ట్రాసౌండ్ లో వెతికి పట్టుకోవడం బాగా నేర్పించే చోటైతే చాలావరకు పని జరిగిపోతుంది.

అల్ట్రాసౌండ్ ని చిన్నచూపు చూడొద్దు. మన దగ్గర క్యాన్సర్ వచ్చే వయసు పడమటి దేశాలకంటే తక్కువ, కొవ్వు తక్కువుండే డెన్స్ రొమ్ములు ఎక్కువ, మామోలో అంతా తెల్లగా ఉన్నప్పుడు దారి చూపించేది ప్రోబే. పైగా మనకి ప్రత్యేకంగా ఉండే జబ్బులున్నాయి, గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని, క్యాన్సర్ కాని రొమ్ము వాపు, పిల్లలు పుట్టిన కొన్నేళ్ళకి వయసులో ఉన్న ఆడవాళ్ళకి వస్తుంది, అచ్చం క్యాన్సర్ లాగే భయపెడుతుంది, టీబీ కూడా అంతే. విదేశీ పుస్తకాల్లో వీటికి ఒక పేరా ఉంటుంది, కిద్వాయ్ లాంటి చోట ఓపీలో మీ కళ్ళ ముందు కూర్చుని ఉంటారు.

మగ డాక్టర్లకి ఒక మాట, దీన్ని ఎవరూ పైకి చెప్పరు. చాలాచోట్ల పేషెంట్లు లేడీ డాక్టర్ కావాలంటారు, అడగడంలో తప్పేం లేదు, కానీ మగ ఫెలో అల్ట్రాసౌండ్ కి, ప్రొసీజర్లకి దూరమైపోతాడు, ఏడాదంతా ఫిల్మ్స్ చదువుతూ గడిచిపోతుంది. అక్కడ ఇదివరకు మగ ఫెలోలు చేశారా, పక్కన నర్సు ఉండే ఏర్పాటు ఎలా ఉంది అని ఇంటర్వ్యూలోనే మొహమాటం లేకుండా అడగాలి. పేషెంట్ కి ముందే చెప్పి, నర్సుని పక్కన పెట్టి, మర్యాదగా చేస్తే ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, కానీ ఆ పద్ధతి హాస్పిటల్ లో ముందే ఉండాలి, మీరొచ్చి కొత్తగా పెట్టలేరు.

ఇంక అన్నిటికంటే నేను ముఖ్యం అనుకునేది, చాలామంది అసలు అడగనిది. బయాప్సీ రిపోర్ట్ వచ్చాక దాన్ని ఇమేజ్ తో పక్కపక్కన పెట్టి చూసే మీటింగ్ వారం వారం జరుగుతుందా? మీరు బైరాడ్స్ (రొమ్ము రిపోర్ట్ లో అనుమానానికి గ్రేడ్ ఇచ్చే పద్ధతి) ప్రకారం 4సీ ఇచ్చారు, అంటే క్యాన్సర్ అవకాశం 50 శాతం పైన, 95 లోపు అన్నారు, పాథాలజీలో ఫైబ్రోసిస్ అని, అంటే క్యాన్సర్ కాదని వచ్చింది. ఇప్పుడు హమ్మయ్య అనుకుని పంపించేస్తారా, సూది సరైన చోట పడలేదేమో అని మళ్ళీ చేస్తారా? ఈ నిర్ణయం తీస్కోవడం నేర్పేది ఆ మీటింగే, పాథాలజిస్టూ సర్జనూ అక్కడుండాలి, ఫెలో తన కేసు తానే చెప్పాలి. అలాగే ఆడిట్. వందలో ఎంతమందిని మళ్ళీ పిలుస్తున్నారు, వెయ్యి స్క్రీనింగ్ లకి ఎన్ని క్యాన్సర్లు పట్టుకుంటున్నారు అనే లెక్క. అమెరికా వాళ్ళ బైరాడ్స్ ఐదో ఎడిషన్ లో మళ్ళీ పిలిచేది 5 నుంచి 12 శాతం మధ్య ఉండాలని, వెయ్యికి కనీసం 2.5 క్యాన్సర్లు పట్టాలని ఉంది. అక్కడ చట్టప్రకారం మామో చదివే డాక్టర్ రెండేళ్ళలో 960 చదవాలి, యూకే స్క్రీనింగ్ లో ఐతే ఏడాదికి 5000. మన దగ్గర అలాంటి రూల్ లేదు కాబట్టి సెంటరే తన లెక్క తాను రాసుకోవాలి, రాసుకునే సెంటర్లు తక్కువ, దొరికితే స్టైపెండ్ కొంచెం తక్కువైనా అక్కడే చేరండి. బైరాడ్స్ 3 (బహుశా క్యాన్సర్ కాదు) ఇచ్చి ఆర్నెల్లకి రమ్మంటే మన పేషెంట్లలో చాలామంది రారు, వాళ్ళకి ఫోన్ చేసి పిలిపించే మనిషి ఉన్న చోటా అంతే, అక్కడ పని నేర్పిస్తారు.

సర్టిఫికెట్ల సంగతి త్వరగా చెప్పేస్తా. ఎఫ్‌ఎన్‌బీ అంటే ఎన్‌బీఈఎంఎస్ (నేషనల్ బోర్డ్) వాళ్ళ ఫెలోషిప్, ఎఫ్‌ఈటీ ఎంట్రన్స్ రాయాలి, మెరిట్ మీద సీటు, రెండేళ్ళు పడుతుంది, ఆ ఏడాది బ్రెస్ట్ ఇమేజింగ్ సీట్లు ఎక్కడైనా ఉన్నాయో లేదో బులెటిన్ లోనే చూడాలి. యూనివర్సిటీ ఫెలోషిప్పులున్నాయి, బెంగళూరులో రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ తన కింది హాస్పిటల్స్ లో ఫెలోషిప్ కోర్సులు నడుపుతుంది, మీకు కావాల్సిన సబ్జెక్ట్ ఉందో లేదో ఏడాదికేడాది చూస్కోవాలి. మూడోది హాస్పిటల్ సొంతంగా ఇచ్చేది, ఆర్నెల్లో ఏడాదో, ఎక్కువ సీట్లు ఇవే, ఇది ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) డిగ్రీ కాదు, దాని విలువ ఆ హాస్పిటల్ పేరూ మీ చేతి పనీ అంతే. టీచింగ్ లో ఉండాలనుకునేవాళ్ళు ఎఫ్‌ఎన్‌బీ వైపు చూడటం మంచిది, ప్రాక్టీస్ చేసేవాళ్ళకి మంచి చోట ఒక ఏడాది హాస్పిటల్ ఫెలోషిప్ చాలు, ఆర్నెల్లది మాత్రం పీజీలో బ్రెస్ట్ బాగా చూసినవాళ్ళకే సరిపోతుంది. రెండు వారాల అబ్జర్వర్‌షిప్ ని ఫెలోషిప్ పక్కన పెట్టి పోల్చొద్దు, అందులో చెయ్యి పెట్టనివ్వరు.

యూకే వెళ్ళేవాళ్ళకి ఎఫ్‌ఆర్‌సీఆర్ (అక్కడి రేడియాలజీ కాలేజీ పరీక్ష) ముఖ్యం, అది ఉంటే జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ కి ప్లాబ్ (విదేశీ డాక్టర్లకి పెట్టే పరీక్ష) అక్కర్లేదు, ఇంగ్లీష్ పరీక్ష మాత్రం తప్పదు. ముందు ఇక్కడ ఏడాది చేతి పని నేర్చుకుని వెళ్తే అక్కడ స్క్రీనింగ్ కన్ను వస్తుంది, ఈ రెండూ కలిసిన వాళ్ళు అరుదు, మన దేశానికి చాలా కావాలి. యూరప్ వాళ్ళ బ్రెస్ట్ ఇమేజింగ్ డిప్లొమా ఒకటుంది, ఈడీబీఐ అంటారు, చదువుకోడానికి మంచి లక్ష్యం, చేతి ట్రైనింగ్ కి బదులు కాదు. అమెరికాలో బ్రెస్ట్ ఫెలోషిప్ ఏడాదే కానీ స్టెప్స్ (అక్కడి లైసెన్స్ పరీక్షలు) రాయాలి, తర్వాత అక్కడే బోర్డు సర్టిఫికెట్ కావాలంటే బయటి దేశాల్లో చదివినవాళ్ళ కోసం ఉన్న ఆల్టర్నేట్ పాత్‌వేలో నాలుగేళ్ళు ఒకేచోట ఉండాలి, వచ్చి వెళ్ళిపోదాం అనుకునేవాళ్ళకి అది దూరం.

ఇప్పుడు ఊళ్ళ సంగతి. బెంగళూరులో తెలుగు చాలాచోట్ల నడిచిపోతుంది, ఓపీలో సీమ వాళ్ళు బోలెడుమంది, కానీ కోలార్, తుమకూరు పల్లెల నుంచి వచ్చే పెద్దావిడకి కన్నడే కావాలి, మన లిపికి దగ్గర లిపి కాబట్టి రెండు మూడు నెలల్లో పట్టుబడుతుంది. చెన్నైలో తమిళం లేకుండా కష్టం, నర్సుల నుంచి పేషెంట్ల దాకా అంతా తమిళమే, నెల్లూరు, చిత్తూరు వాళ్ళకి ఇబ్బంది లేదు, గుంటూరు, వరంగల్ వాళ్ళకి మొదటి నెలలు బరువుగా ఉంటాయి. భాష గురించి ఎందుకింత చెప్తున్నానంటే, సూది వేసే ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని "అమ్మా, టప్ మని సౌండ్ వస్తుంది, కదలొద్దు, నొప్పి ఉండదు, మత్తిచ్చాం" అని ఆవిడ భాషలో చెప్పగలిగితే ఆ బయాప్సీ సగం సులువైపోతుంది, నర్సు మధ్యలో తర్జుమా చేస్తుంటే ఆవిడ బిగుసుకుపోతుంది. అద్దె, ట్రాఫిక్ లెక్క మీరే వేస్కోండి, నాకైతే హాస్పిటల్ కి నడిచెళ్ళే దూరంలో చిన్న గదే మేలనిపిస్తుంది, ప్రొసీజర్లు పొద్దున్నే మొదలవుతాయి.

రెండు ఊళ్ళకీ కామన్ గా ఒక తలనొప్పి ఉంది, దీనివల్ల మొదటి నెల వృథా అయినవాళ్ళని చాలామందిని చూశా. ఏపీ, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ఎన్‌ఓసీ తెచ్చుకుని కర్ణాటక కౌన్సిల్ లోనో తమిళనాడు కౌన్సిల్ లోనో చేరాలి, అది టైమ్ తీస్కుంటుంది. అదయ్యాక పీసీపీఎన్‌డీటీ, అంటే లింగ నిర్ధారణ నిషేధ చట్టం, రొమ్ము స్కాన్ కే వాడినా అల్ట్రాసౌండ్ మెషిన్ ఆ చట్టం కిందికే వస్తుంది, మీ పేరు ఆ సెంటర్ రిజిస్ట్రేషన్ లో ఎక్కకుండా ప్రోబ్ పట్టుకోవద్దు, మనుషులు మారితే 30 రోజుల ముందే అథారిటీకి చెప్పాలని రూల్ ఉంది. అందుకే సెలెక్షన్ రాగానే జాయినింగ్ డేట్ కోసం చూడకుండా ఆరోజే కాగితాలు మొదలుపెట్టండి.

నన్ను ఎవరికి ఏదంటే అడిగితే ఇలా చెప్తా. కర్నూలులోనో ఒంగోలులోనో ఒక్కరే కూర్చుని చేసేవాళ్ళకి క్యాన్సర్ సెంటరే, అది బెంగళూరైనా చెన్నైనా సరే, ఎందుకంటే మీ దగ్గరకి వచ్చేదీ అవే కేసులు, మీకు కావాల్సింది ప్రోబూ ట్రూకట్టూ క్లిప్పూ. కానీ వెళ్ళే ముందు ఒక నెల స్క్రీనింగ్ ఎక్కువుండే చోట రొటేషన్ ఇప్పిస్తారా అని అడగండి, కొందరు ఇస్తారు. ఇంకోటి, ఒక్కరే ఉన్నప్పుడు టెక్నీషియన్ కి నేర్పేది మీరే, కాబట్టి ట్రైనింగ్ లో మామో గదిలో నిలబడి పొజిషనింగ్ నేర్చుకోండి, ఎమ్‌ఎల్‌ఓలో (ఏటవాలుగా తీసే ఫిల్మ్ లో) ఛాతీ మీది పెక్టొరల్ కండ నిపుల్ లెవెల్ దాకా రావాలి, రొమ్ము కింద మడత విడిగా కనపడాలి, ఫిల్మ్ సరిగ్గా రాకపోతే ఎంత చదివినా ఉపయోగం లేదు. సిటీలో బ్రెస్ట్ టీమ్ లో చేరేవాళ్ళకి కార్పొరేట్ లేదా బ్రెస్ట్ సెంటర్, ఫెలో చేతికి స్టీరియో ఇస్తారని నమ్మకం కుదిరితేనే. నమ్మకం కుదరకపోతే పేరు ఎంత పెద్దదైనా వదిలెయ్యండి అనే నా మాట. విదేశం వెళ్ళేవాళ్ళు స్క్రీనింగ్, టోమో ఎక్కువున్న చోటు చూస్కోవాలి, అక్కడి ఇంటర్వ్యూల్లో ఆడిట్ గురించి అడుగుతారు.

ఈ నమ్మకం ఎలా కుదురుతుందంటే, వెబ్‌సైట్ చూసి కాదు. ఇప్పుడు చేస్తున్న ఫెలోని క్యాంటీన్ లో కూర్చోబెట్టి లాగ్‌బుక్ చూపించమనండి, అందులో "చేశాను", "అసిస్ట్ చేశాను" వేరువేరుగా రాసి ఉన్నాయో చూడండి, లాగ్‌బుక్కే లేదంటే అదీ ఒక జవాబే. ఫెలోలు ఫిల్మ్స్ ఏ మానిటర్ మీద చదువుతారో చూడండి, 5 మెగాపిక్సెల్ మానిటర్ కన్సల్టెంట్ గదిలో ఒక్కటే ఉండి ఫెలోలు మామూలు కంప్యూటర్ లో చూస్తుంటే ఆ సన్న క్యాల్సిఫికేషన్స్ వాళ్ళకి కనపడవు. కుదిరితే రెండ్రోజులు అనుమతి తీస్కుని కూర్చుని రండి, ఒకరోజు ప్రొసీజర్ లిస్ట్ ఉన్నరోజు, ఒకరోజు ట్యూమర్ బోర్డు (డాక్టర్లంతా కూర్చుని కేసులు చర్చించే మీటింగ్) ఉన్నరోజు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీస్కుని పెట్టుకుంటారా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఆదివారం డ్యూటీలు ఏ డిపార్ట్‌మెంట్ లో వేస్తారు, ఇవి మెయిల్ లో రాసి అడగండి, జవాబు కూడా మెయిల్ లోనే తెప్పించుకోండి.